అమ్మ వేలిముద్ర

పోయినవారం లాయరు ఫణిశ్రీని రాజమండ్రిలో ఆమె ఆఫీసు గదిలో వదిలాం. ప్రభుత్వం వారు కోర్టులో జవాబుగా వేసిన కౌంటరు అప్పుడే చేతికొచ్చింది. అందులో పదకొండో పేజీ చదివి, చదివినది మళ్ళీ చదివి, ఆ అమ్మాయి ఫ్యాను కింద కూర్చునే చెమటలు తుడుచుకుంది.

ఆ పేజీ ఎవరి గురించో తెలియాలంటే లోవలక్ష్మి సంగతి గుర్తు చేసుకోవాలి. ఆమె బర్మాలో పుట్టిన తెలుగు పిల్ల. నూరేళ్ళ కిందట ఆమె ముత్తాత నిడదవోలు పక్క పల్లె నుంచి కాకినాడ వెళ్ళి ఓడెక్కి, రంగూన్ ధాన్యం మిల్లుల్లో పనికి పోయాడు. ఆయన సంతతి మౌల్మేన్ దగ్గర స్థిరపడింది. లోవలక్ష్మి అక్కడ పిల్లలకు లెక్కలు చెప్పే టీచరు. సైన్యం గద్దెనెక్కినప్పుడు బడి మానేసి సమ్మెలో కూర్చుంది. ఆమెతో కూర్చున్న ఇద్దరు టీచర్లు వేరే దేశానికి పారిపోతే అక్కడివాళ్ళు తిప్పి పంపారు. విమానం దిగిన ఆ ఇద్దరూ ఇంటికి మాత్రం చేరలేదు. లోవలక్ష్మి కొండలు దాటి, మిజోరం మీదుగా రైళ్ళు మారి నిడదవోలులో దిగింది. ముత్తాత తమ్ముడి మనవరాలు రత్నమాణిక్యం, వరసకు పెద్దమ్మ, ఆమెను ఇంట్లో పెట్టుకుంది.

మూడేళ్ళ తర్వాత ఇంటింటి విచారణకు వచ్చిన అధికారి “మీదే ఊరమ్మా?” అంటే లోవలక్ష్మి ఉన్నదున్నట్టు చెప్పింది. అనుమతి లేకుండా దేశంలోకి వచ్చినందుకు ఆరు నెలలు శిక్ష పడింది. శిక్ష పూర్తయినా వదల్లేదు. వెనక్కి పంపేదాకా అంటూ రాజమండ్రి శివార్లలో ఒక వసతి గృహంలో ఉంచారు. పంపవద్దని ఫణిశ్రీ హైకోర్టులో వేసిన పిటిషన్ని ఒక న్యాయమూర్తి కొట్టేశారు. దానిమీద అప్పీలు గురువారం ఇద్దరు న్యాయమూర్తుల ముందుకు రావాలి.

ఇప్పుడు మంగళవారం ఉదయం.

నిడదవోలు వైపు నుంచి వచ్చిన పాసింజర్లో రత్నమాణిక్యం దిగింది. అరవై అయిదేళ్ళ రైతు మనిషి. ఒక చేతిలో గుడ్డసంచీ, రెండో చేతిలో పాత బిస్కెట్ల రేకుడబ్బా. ఫణిశ్రీ స్కూటర్ మీద వెనక సర్దుకుని కూర్చుంటూ, “బ్రిడ్జి మీంచి చూశాను లాయరమ్మా, గోదారి ఎర్రగా పొంగిపోతోంది. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చారంట,” అంది. ఫణిశ్రీ ఊకొట్టలేదు. రత్నమాణిక్యం వంగి అద్దంలో ఆమె మొహం చూసింది.

“ఏంటమ్మా? ఏమైంది?”

“అక్కడికెళ్ళాక చెప్తానండి. ఇద్దరికీ ఒకేసారి చెప్పాలి.”

స్కూటర్ హైవే ఎక్కింది.

ఆ వసతి గృహం హైవే పక్కన ఒక పాత హాస్టల్ భవనం. కిటికీలకు కొత్తగా ఇనప మెష్ బిగించారు. గేటు దగ్గర కానిస్టేబుల్ వీరదుర్గ గుడ్డసంచీలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. సున్నుండలు. ఒక్కొక్కదాన్నీ రెండుగా విరిచి చూసి మళ్ళీ లోపల పెట్టింది.

“ఏమనుకోకండి పెద్దమ్మగారూ, కొత్త రూలండి. నిన్ననే వచ్చింది.”

“నిన్నే ఎందుకొచ్చింది?” అని అడిగింది ఫణిశ్రీ.

వీరదుర్గ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “నిన్న ఢిల్లీ నుంచి ఎవరో వచ్చారండి. ఆ అమ్మాయికి ఫొటోలు తీసుకున్నారు. ఎదర నుంచీ, పక్క నుంచీ. ప్రయాణం కాగితాలకంట.”

అప్పీలు ఇంకా విననే లేదు, అవతల ప్రయాణం కాగితాలు తయారైపోతున్నాయి.

లోపల గదిలో ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. లోవలక్ష్మి అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. ముప్పై మూడేళ్ళ మనిషి. బాగా చిక్కిపోయినా, క్లాసులో పిల్లల ముందు కూర్చున్నట్టు నిటారుగానే కూర్చుంది.

“రండి పెద్దమ్మా. నాట్లయిపోయాయా?”

“అయిపోతే మాత్రం ఏం లాభం? చేలన్నీ నీళ్ళే. మీ పెదనాన్న గట్లు తెగ్గొట్టుకుంటూ అక్కడే ఉన్నాడు. తిను ముందు.” రత్నమాణిక్యం డబ్బా ఆమె ముందుకు తోసింది. “విరిచినవే. పోలీసులకి మన సున్నుండల మీద కూడా అనుమానమే.”

లోవలక్ష్మి నవ్వి, ఒక ముక్క తీసుకుని, ఫణిశ్రీ మొహం చూసి దాన్ని మళ్ళీ పెట్టేసింది.

ఫణిశ్రీ ఫైలు తెరిచింది. “లోవలక్ష్మి గారూ, ప్రభుత్వం వాళ్ళు కౌంటరుతో ఒక వాంగ్మూలం జత చేశారు. మీ అమ్మగారిది.”

తలుపు దగ్గర కూర్చున్న వీరదుర్గ సెల్‌ఫోన్ మీంచి తలెత్తింది.

“అమ్మ బతికే ఉందన్నమాట,” అంది లోవలక్ష్మి. మూడు నెలలుగా తల్లి నుంచి ఫోన్ లేదు. ఆఖరుసారి మాట్లాడినప్పుడు మంగాయమ్మ రబ్బరు తోటల్లో ఎవరి ఇంట్లోనో తలదాచుకుని ఉంది. కూతురు కళ్ళు ఒక్క క్షణం మెరిశాయి. ఆ వెంటనే తల్లి వాంగ్మూలం ఇక్కడిదాకా రావాలంటే ముందు ఏం జరిగి ఉండాలో అర్థమైంది.

“చదవండి,” అంది.

అసలుది బర్మీస్‌లో ఉంది. పక్కన ఇంగ్లీషు తర్జుమా. ఫణిశ్రీ దాన్ని తెలుగులో చెప్తూ వెళ్ళింది.

“‘నా పేరు మంగాయమ్మ. వయసు అరవై మూడు. భారతదేశంలో ఉన్న లోవలక్ష్మి నా ఒక్కగానొక్క కూతురు. ఎవరి మాటలో విని ఇల్లు విడిచి వెళ్ళింది. దానిమీద ఇక్కడ ఏ కేసూ లేదు. ఎవరివల్లా దానికి ప్రమాదం లేదు. చనిపోయిన మా అక్క జ్ఞాపకంగా దానికి ఆ పేరు పెట్టుకున్నాను. మా అక్క ఒక్కతే ఆ దేశంలో మాకు దిక్కు. ఆమె కూడా పోయాక అక్కడ మాకంటూ ఎవరూ లేరు. నా బిడ్డని నా దగ్గరికి పంపించమని వేడుకుంటున్నాను.’ కింద, ‘చదివి వినిపించగా విని, ఒప్పుకుని, ఎడమచేతి బొటనవేలి ముద్ర వేసినది’ అని ఉంది. ఊరి అధికారి సంతకం ఉంది. తేదీ పన్నెండు రోజుల కిందటిది.”

లోవలక్ష్మి రెండు చేతులూ బల్ల మీద పెట్టి వాటివైపే చూస్తోంది.

“అప్పీలు వెనక్కి తీసేసుకోండి మేడమ్. నేను వెళ్ళిపోతాను.”

“ఏం మాట్లాడుతున్నారు? వెళ్తే ఏమవుతుందో మీరే కదా నాకు చెప్పారు.”

“వెళ్ళకపోతే అమ్మకేమవుతుందో కూడా నాకు తెలుసండి. అమ్మని ఎందుకు పట్టుకున్నారంటారు? ముసలిదాంతో వాళ్ళకేం పని? నన్ను రప్పించడానికేగా. నేను వెళ్తే ఆవిణ్ణి వదిలేస్తారు.”

“వదుల్తారని ఎవరు చెప్పారు?”

ఎనిమిది నెలలుగా ఆ కేసు తప్ప వేరే ధ్యాస లేకుండా తిరిగిన ఫణిశ్రీ, ఇప్పుడు కక్షిదారే చేతులెత్తేస్తే ఏమనాలో తెలియక ఫైలు తాడు విప్పి మళ్ళీ కట్టింది.

రత్నమాణిక్యం అప్పుడు చెయ్యెత్తింది.

“ఉండండమ్మా. ఇందాక ఏదో చదివారే, చనిపోయిన అక్కా? ఎవరికి అక్క?”

“మంగాయమ్మ గారికండి.”

“దానికి అక్కెక్కడుంది? తోడబుట్టినవాళ్ళంతా మగాళ్ళే. అది అక్కా అన్నది నన్నొక్కదాన్నే. ముప్పై ఏళ్ళు ‘అక్కకి నమస్కారం’ అంటూ ఉత్తరాలు రాసింది. ఇవిగో, మీరు తెమ్మన్నారని తెచ్చాను.” రేకుడబ్బా మూత మీద తట్టింది. “నిక్షేపంలా ఉన్నదాన్ని పట్టుకుని, నన్ను చంపేసిందేంటి?”

లోవలక్ష్మి తలెత్తింది.

“మళ్ళీ చదవండి మేడమ్. పేరు గురించి ఏముంది?”

ఫణిశ్రీ చదివింది.

“నా పేరు ఎవరి జ్ఞాపకమూ కాదండి. మా ముత్తాత ఓడెక్కే ముందు తుని దగ్గర లోవకెళ్ళి తలుపులమ్మ తల్లికి మొక్కుకున్నాడట, క్షేమంగా చేరితే ఇంట్లో ఆడపిల్లకి ఆ తల్లి పేరు పెట్టుకుంటానని. రెండు తరాలు మగపిల్లలే, అమ్మ తప్ప. అమ్మ పుట్టేసరికి తాతకి ఆ మొక్కు గుర్తే లేదట. అందుకే నేను పుట్టాక అమ్మే పట్టుబట్టి పెట్టింది. ప్రతి పుట్టినరోజుకీ ఆ కథ చెప్పేది. అమ్మ ఆ సంగతి మర్చిపోదండి.” ఆగింది. “ఆఖర్న ఏమన్నారు? వేలిముద్రా?”

“అవును. ఎడమ బొటనవేలు.”

లోవలక్ష్మి కాగితం తన ముందుకు లాక్కుంది. కింద నల్లగా, కొంచెం పక్కకి జరిగి, అలికినట్టున్న ముద్ర. దాన్ని చాలాసేపు చూసింది.

“మా అమ్మ చదువుకుందండి. తెలుగూ వచ్చు, బర్మీసూ వచ్చు. గుడి అరుగు మీద మా వీధి పిల్లలకి అక్షరాలు దిద్దించింది అమ్మే. ఎవరైనా వేలిముద్ర వేస్తే ఊరుకునేది కాదు, పలక తెచ్చి చేతికిచ్చేది. అలాంటిది అమ్మ వేలిముద్ర వేసిందంటే...”

“చెయ్యి బాగానే ఉందంటావా అమ్మడూ?” అనేసింది రత్నమాణిక్యం. అని, ఎందుకన్నానా అన్నట్టు కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

బయట హైవే మీద లారీలు పోతున్నాయి.

“అది నాకు తెలీదు పెద్దమ్మా,” అంది లోవలక్ష్మి. “ఒకటి మాత్రం తెలుసు. ఉన్న అక్కని చచ్చిపోయిందంది, మీ జోలికెవరూ రాకూడదని. నా పేరు గురించి నాకు తెలిసిపోయే అబద్ధం చెప్పింది. చదువు రానిదానిలా ముద్ర వేసింది. వాళ్ళ ఎదురుగా కూర్చుని, వాళ్ళు రాసుకుంటుంటే, ఇవన్నీ చేసింది. అమ్మ నన్ను రమ్మనలేదండి. రావద్దంది.”

వెంటనే ఫణిశ్రీ లాయరు బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. రేకుడబ్బా తెరిచింది. నీలం ఎయిర్‌మెయిల్ కవర్లు. ప్రతి ఉత్తరం కిందా గుండ్రటి తెలుగు అక్షరాలు: నీ చెల్లెలు మంగాయమ్మ.

“గెలిచినట్టేనండి! ఈ ఉత్తరాలు వేస్తాను. చదువొచ్చిన మనిషి చేత వేలిముద్ర వేయించారు. అక్క బతికే ఉంది, గురువారం కోర్టులోనే కూర్చుంటుంది. ఈ వాంగ్మూలం బలవంతాన తీసుకున్నదని ఇంతకన్నా రుజువేం కావాలి? గంటలో స్టే వస్తుంది.”

“ఇది కచేరీలో చెప్తే ఎవరెవరు వింటారండి?”

కోర్టుని ఆమె కచేరీ అనే అనేది. ముత్తాత పట్టుకెళ్ళిన తెలుగు అది. ఎప్పుడూ ముద్దుగా వినిపించే ఆ మాట ఇప్పుడు ఫణిశ్రీకి చల్లగా తగిలింది.

“న్యాయమూర్తులు వింటారు. ప్రభుత్వ లాయరు శశిభూషణ్ గారికి కాపీ ఇవ్వాలి.”

“ఆయన దగ్గర్నుంచి?”

“డిపార్టుమెంటుకి.”

“వాళ్ళ దగ్గర్నుంచి?”

ఈ కాగితం ఏ దారిన వచ్చిందో ఆ దారినే జవాబు కూడా వెళ్తుంది. కూతుర్ని రప్పించడానికి వాడుకున్న ముసలావిడ తమ కళ్ళెదుటే తమని మోసం చేసిందని అక్కడి సైన్యంవాళ్ళకి తెలుస్తుంది.

“ఎన్నాళ్ళు పడుతుందండి?”

“వారం. అంతకంటే ముందే కావచ్చు.”

“అయితే చెప్పకండి.”

“లోవలక్ష్మి గారూ, అది లేకపోతే నా చేతిలో ఏం లేదు. తల్లే రమ్మంటోంది, భయమేంటి అంటారు. ఇంకోటి కూడా ఉంది.” ఫణిశ్రీ రత్నమాణిక్యం వైపు తిరిగింది. “మీరు పెద్దమ్మనని అఫిడవిట్ ఇచ్చారు కదండీ. ఇక్కడ చుట్టాలే లేరని తల్లి అంటోంది. కాబట్టి మీది దొంగ అఫిడవిట్ అంటున్నారు. మీ మీద చర్య తీసుకోమని కౌంటర్లోనే రాశారు. ఉత్తరాలు వెయ్యకపోతే మీరు జైలుకెళ్ళాల్సి రావచ్చు.”

రత్నమాణిక్యం రేకుడబ్బా మూత పెట్టేసింది.

“చచ్చిపోయానని చెల్లెలే చెప్పింది. చచ్చినదాని మీద కేసేం పెడతారు?” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. “పెట్టుకోనివ్వండమ్మా. అది అంత కష్టపడి చెప్పిన అబద్ధాన్ని నేను చెడగొట్టను. దాని మొహం కూడా చూడలేదు ఎప్పుడూ. ఉత్తరాల్లోనే చెల్లెలు.”

“మాటివ్వండి మేడమ్,” అంది లోవలక్ష్మి. “నేనేమైపోయినా సరే, అమ్మ సంగతి మీ నోటంట రాకూడదు.”

ఫణిశ్రీ మాటిచ్చింది. ఇచ్చాక తలుపు వైపు చూస్తే వీరదుర్గ కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ఎప్పుడు లేచి బయటికి వెళ్ళిందో, ఎంతవరకూ విన్నదో ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

గురువారం హైకోర్టు హాల్లో వాళ్ళ కేసు పదిహేడోది. తెల్లారకముందే కారులో బయల్దేరినా, పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. రత్నమాణిక్యం వెనక వరుసలో జరీ లేని తెల్ల నేతచీరలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు రెండు కుర్చీల అవతల నల్లకోటు లేని ఒక నడివయసు మనిషి నోటు పుస్తకం తెరిచి కూర్చున్నాడు. ఫణిశ్రీ గుమాస్తాని పంపి కనుక్కుంది. “శశిభూషణ్ గారితో వచ్చారటండి. ఢిల్లీ నుంచి. పేరు చెప్పలేదు,” అన్నాడతను.

గోడ మీద పెద్ద తెర. అందులో వసతి గృహం గదీ, లోవలక్ష్మీ కనబడుతున్నారు. కెమెరా కొంచెం పైనుంచి చూపిస్తుంటే ఆమె ఇంకా చిన్నదైపోయినట్టుంది.

ఫణిశ్రీ ఇరవై నిమిషాలు వాదించింది. వెనక్కి పంపే ఉత్తర్వు ఇచ్చేముందు ఆమెను ఒక్క మాటైనా అడగలేదంది. ప్రాణహాని ఉన్నచోటికి మనిషిని నెట్టడం రాజ్యాంగం ఒప్పుకోదంది. తిరిగి వెళ్ళి మాయమైన ఇద్దరు టీచర్ల పేర్లు చెప్పింది. న్యాయమూర్తులు శ్రద్ధగానే విన్నారు.

శశిభూషణ్ లేచారు. పెద్దమనిషే. గొంతు కూడా ఎత్తలేదు.

“మై లార్డ్స్, పదకొండో పేజీ చూడండి. సొంత తల్లి తన బిడ్డని పంపమంటోంది. భయం లేదంటోంది. ఇక్కడ చుట్టాలు లేరంటోంది. పెద్దమ్మనని ప్రమాణం చేసిన మనిషి వెనక కూర్చుని ఉన్నారు. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్తున్నట్టు?”

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. రత్నమాణిక్యం కదలకుండా కూర్చుంది.

“ఫణిశ్రీ గారూ, దీనికేమంటారు?” అడిగారు పెద్ద న్యాయమూర్తి.

చెప్పవలసిందంతా ఫణిశ్రీ నాలుక చివరే ఉంది. “ఆ వాంగ్మూలం మన అధికారులెవరి ముందూ ఇచ్చింది కాదు, మై లార్డ్. దానికి విలువ ఇవ్వకూడదని మాత్రమే నా మనవి.”

“అంతేనా?”

“అంతేనండి.”

వెనక వరుసలో నోటు పుస్తకం మీద కలం కదిలింది.

పక్కనున్న న్యాయమూర్తి, మధ్యవయసు మహిళ, అప్పటివరకూ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఆవిడ తెర వైపు తిరిగి తెలుగులో అడిగారు.

“అమ్మా, నా మాట వినబడుతోందా?”

“వినబడుతోందండి.”

“ఈ కాగితం మీద ఉన్నది మీ అమ్మగారి వేలిముద్రేనా?”

అధికారి ఊరడిగితే ఉన్నది చెప్పి, అరెస్టయిన మనిషి లోవలక్ష్మి. ఇప్పుడూ ఉన్నది చెప్పేస్తుందేమోనని ఫణిశ్రీ తెర వైపు చూసింది.

“అమ్మ వేలిముద్ర నేనెప్పుడూ చూడలేదండి. పోల్చుకోలేను.”

“రాసిన సంగతులు నిజమేనా?”

“అమ్మ ఏం చెప్పిందో అదేనండి నా మాట కూడా.”

“మరి రత్నమాణిక్యం గారు మీకేమవుతారు?”

తెర మీద లోవలక్ష్మి తల వంచుకుంది. “నాకు అన్నం పెట్టిన మనిషండి.”

రత్నమాణిక్యం కొంగుతో మొహమంతా కప్పుకుంది.

“మీ అమ్మగారి దగ్గరికి వెళ్ళాలని లేదా?”

“రోజూ ఉందండి.” ఈసారి ఆమె తలెత్తి సూటిగా కెమెరాలోకి చూసింది. “ఈ కాగితం తెచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని మాత్రం వెళ్ళలేనండి.”

న్యాయమూర్తులిద్దరూ తలలు దగ్గరికి చేర్చి మాట్లాడుకున్నారు. రెండు నిమిషాలు. మూడు. పెద్ద న్యాయమూర్తి ముందుకు వంగి ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టారు. వచ్చే గురువారం దాకా ఈమెను దేశం నుంచి పంపరాదు. వసతి గృహం నుంచి కదపరాదు. ఈ ఉత్తర్వు ఈ రోజే అధికారులకు అందాలి.

ఫణిశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిరిగి చూస్తే రత్నమాణిక్యం రెండు చేతులూ జోడించి ఉంది. తెర మీద లోవలక్ష్మి కళ్ళు మూసుకుంది. ఎనిమిది నెలల్లో వాళ్ళు గెలిచింది ఆ ఏడు రోజులే.

అయితే ఆయన చెప్పడం పూర్తవలేదు.

“తల్లి మాట కాగితం మీద వింటే ఎటూ తేలడం లేదు,” అన్నారు. గొంతులో జాలి ఉంది. “ఆ అమ్మాయి తల్లిని చూసి నాలుగేళ్ళు కావొస్తోంది. వచ్చే గురువారం ఆ తల్లిని వీడియోలో మా ముందు హాజరు పరచండి. తెలుగులోనే మేం అడుగుతాం. తల్లీ కూతురూ మాట్లాడుకోనివ్వండి. పేరు గురించీ, అక్కగారి గురించీ, అన్నీ ఆవిడనే అడిగి తేల్చేద్దాం. ఈలోగా ప్రభుత్వం వారు సంబంధిత కార్యాలయానికి రాసి, ఆవిడ చేత సంతకమో, ముద్రో, మళ్ళీ తీసుకుని దాఖలు చెయ్యాలి. శశిభూషణ్ గారూ, వీలవుతుందా?”

శశిభూషణ్ వెనక్కి చూశారు. నోటు పుస్తకం మనిషి నెమ్మదిగా తలాడించాడు.

“వీలవుతుంది, మై లార్డ్. సంతోషంగా.”

తెర మీద లోవలక్ష్మి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఏదో అంటోంది. పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. ఎవరో మైకు ఆపేసినట్టున్నారు. రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది.

“ఫణిశ్రీ గారూ, మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను,” అన్నారు పెద్ద న్యాయమూర్తి, కలం కాగితం మీద ఆనించి.

ఒప్పుకుంటే మంగాయమ్మని వాళ్ళు మళ్ళీ కూర్చోబెడతారు. అదే అక్క గురించి అడుగుతారు. ఈసారి వినేవాళ్ళలో తెలుగు తెలిసినవాళ్ళుంటారు, ఆవిడ అబద్ధం వాళ్ళెదుటే బయటపడుతుంది. హాల్లో అందరూ ఫణిశ్రీ వైపే చూస్తున్నారు. కూతురికి తల్లిని చూపిస్తామంటే ఎవరైనా ఎందుకు కాదంటారు?

“ఉందండి,” అంది ఫణిశ్రీ.

పెద్ద న్యాయమూర్తి కలం కింద పెట్టారు. నోటు పుస్తకం మనిషి కొత్త పేజీ తిప్పాడు.

“ఆశ్చర్యంగా ఉందే,” అన్నారాయన. “కారణం చెప్పండి.”